మా పద్దెనిమిది అంతస్తుల డైరీ, కర్నూలు

2022 నవంబర్ 14

హైదరాబాద్ నుంచి డ్రాయింగులు వచ్చాయి. కింద రెండు సెల్లార్లు, వాటి మీద స్టిల్టు, అంటే గోడల్లేకుండా స్తంభాలే ఉండే ఖాళీ అంతస్తు, ఆపైన 18 అంతస్తుల ఇళ్లు. అంతస్తుకు నాలుగు చొప్పున 72. హైదరాబాద్‌లో ఈ ఎత్తుకు ఎవరూ తలెత్తి కూడా చూడరు. కొండారెడ్డి బురుజును చూసి అమ్మో అనుకుంటూ పెరిగిన మాకు మాత్రం ఇదే ఆకాశం.

సైటు ఇంజనీరుగా నా మొదటి పని సెల్లార్ల మీద గొడవ పెట్టుకోవడమే అయింది. సైటు హంద్రీకి ఎంతో దూరం లేదు. కర్నూలులో స్థలం కొనేవాళ్లు రేటుకన్నా ముందు అడిగే మాట ఒకటుంది: 2009లో ఇక్కడికి నీళ్లు ఎంతొచ్చాయి? ఆ ఏడు గాంధీ జయంతి రోజున తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డాయి. ఆర్కిటెక్టుకు ఆ సంగతి పేపర్లో చదివినంత వరకే తెలుసు. వాదించి లాభం లేదని పక్క సందులో ఉండే అవ్వ ఇంటికి తీసుకుపోయాను.

అవ్వ ఇంటి ముందుగోడ మీద నీలం గీత ఒకటుంది. ఎన్నిసార్లు సున్నం కొట్టించినా ఆ జానెడు మేర మాత్రం కొట్టనీయదు. చెయ్యి పూర్తిగా పైకెత్తినా నా వేళ్లు దానికి అందలేదు.

"యాడిదాకా వచ్చినాయని అడుగుతాండావా నాయనా? ఇదో, ఈడికి. మంచం మీద మంచం ఏసుకోని కూసున్యాం. అదీ మునిగె. మిద్దెక్కినాం."

ఆర్కిటెక్టు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఫోను తీసి గీతను ఫొటో తీసుకున్నాడు.

ఆ గీత ఎత్తు మా సైటులో ఎక్కడికి వస్తుందో తేల్చాలి. పెద్ద బేల్దారి లెవెల్ పైపు తెచ్చాడు. నీళ్లు నింపిన ట్యూబు ఒక కొస అవ్వ గోడకు, ఇంకో కొస మా గేటు పక్కనున్న కరెంటు స్తంభానికి. లేజరు పెట్టుకుని ఇదెందుకని ఆర్కిటెక్టు నవ్వాడు. "సందు మలుపు తిరిగింది సార్, మీ లేజరు తిరగదు" అన్నాడు బేల్దారి. లెక్క తేలింది: మా నేలకు 2.7 మీటర్లు పైన.

రెండు సెల్లార్లంటే ఏడు మీటర్ల గుంత. వరద నీళ్లు లోపలికి రాకపోయినా, చుట్టూ నేల నానిందంటే చాలు, మీటరు లోతుకు చదరపు మీటరుకు ఒక టన్ను చొప్పున కింది నుంచి పైకి తోస్తాయి. టవరు బరువున్న చోట భయం లేదు. టవరు అవతలికి చాచిన ఖాళీ సెల్లారు మాత్రం తొట్టిలో బొచ్చె తేలినట్టు తేలాలని చూస్తుంది. దాన్ని కిందికి పట్టి ఉంచాలంటే రాతిలోకి యాంకర్లు దించాలి, డబ్బు పోయాలి. వాన రాత్రి కార్లు దిగే ర్యాంపు గుండా నీళ్లు దిగితే యాంకర్లు కూడా చేసేదేమీ లేదు.

నవంబర్ 30

సెల్లార్లు పోయాయి. స్టిల్టు మీద ఒక పార్కింగ్ అంతస్తు వచ్చింది. మొత్తం ఎత్తు 62 మీటర్లయింది. జనరేటరు, కరెంటు ప్యానెళ్లు, ఫైరు పంపుల స్టార్టర్లు అన్నీ పార్కింగ్ అంతస్తుకు ఎక్కాయి, అంటే గీతకు పైకి. సంపును మాత్రం నేలలోనే పెట్టక తప్పలేదు, కుళాయి నీళ్ల ప్రెషర్ పైకెక్కదు కాబట్టి. దానికి నీరు చొరబడని మూత, గాలి గొట్టం గీత దాటేదాకా.

కార్లకు పది స్థలాలు తగ్గాయని యజమాని గొణిగాడు. గొణగనీ.

డిసెంబర్ 19

పైన రెండు మీటర్లు నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది, దాని మీద గుడిసె కట్టినా గోడ చీలుతుంది. అదంతా తోడి పారేశాం. కింద సున్నపురాయి తగిలింది. బండ తగిలిందని యజమాని కొబ్బరికాయ కొట్టించాడు. నాకు మాత్రం దడ అప్పుడే మొదలైంది.

సున్నపురాయి గట్టిదే, కానీ నమ్మకస్తురాలు కాదు. వాననీళ్లు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ కలుపుకొని కొద్దిగా పులుపెక్కి, బండ పగుళ్లలోకి దిగి లక్షల ఏళ్ల పాటు కొరుక్కుంటూ పోతాయి. 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహలు పుట్టింది ఇలాంటి రాతిలోనే. మన కింద బెలుం ఉంటుందని కాదు, కానీ 18 అంతస్తుల కింద కుండంత బొక్క ఉన్నా నాకు నిద్ర పట్టదు.

అందుకే రాఫ్టు, అంటే బిల్డింగు మొత్తానికి ఒకే పలకగా పోసే పునాది, వేసే చోటంతా మూడు మీటర్లకొక బొక్క, ఐదు మీటర్ల లోతున, డ్రిల్లు వేయించాం. ఆపరేటరు చెయ్యి లివరు మీద ఉంటుంది, చెవి మాత్రం రాడ్డు మీద. గట్టి బండలో దిగేటప్పుడు ఒకటే గీర శబ్దం, తెల్లటి పిండి. నలభై ఒకటో బొక్కలో ఉన్నట్టుండి శబ్దం ఆగింది. రాడ్డు జానెడున్నర తనంతట తానే జారింది. పైకొచ్చిన పిండి తెలుపు కాదు, ఎర్రటి జిగట మట్టి.

అలాంటివి మూడు తేలాయి. మూడింటి చుట్టూ ఇంకా దగ్గర దగ్గరగా బొక్కలు వేసి, నీళ్లతో మట్టి కడిగి, సిమెంటు పాలు ప్రెషర్‌తో ఎక్కించాం. రెండిట్లో నలభై బస్తాలతో సరిపోయింది. మూడోది తాగుతూనే ఉంది. నూరు దాటినా ప్రెషర్ ఎక్కదు. బస్తాలు మోసే పిల్లోడు "ఇది తాగేది సుంకేసుల డ్యాం దాకా పోతాంది సార్" అన్నాడు. 143 బస్తాల దగ్గర ముల్లు కదిలింది. పక్క బొక్కలోంచి బూడిదరంగు పాలు ఉబికి వచ్చాయి. సైటులో అందరం ఈలలు వేశాం, పెళ్లిలో తాళి కట్టినట్టు.

2023 జనవరి 20

డిజైన్ మీటింగు. లెక్కల గురించి రెండు ముక్కలు రాసిపెట్టుకుంటా, నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు.

భూకంపాల మ్యాపులో కర్నూలు రెండో జోన్, అంటే భయం తక్కువున్న జోన్. గాలికి ఇండియన్ స్టాండర్డ్ కోడ్‌లో కర్నూలు పేరు ఎదురుగా సెకనుకు 39 మీటర్లని ఉంటుంది, గంటకు 140 కిలోమీటర్లు. యాభై మీటర్లు దాటిన కాంక్రీటు బిల్డింగులకు 2017లో ప్రత్యేకంగా ఐఎస్ 16700 అనే కోడ్ వచ్చింది, మేము దాని కిందికి వస్తాం. గాలికి పైకొస ఊగేది ఎత్తులో ఐదువందలో వంతు మించకూడదు, మా లెక్కకు 124 మిల్లీమీటర్లు. మా బిల్డింగు ఒక దిక్కున సన్నం, ఆ దిక్కులో భూకంపం కన్నా గాలే ఎక్కువ తోస్తోంది. లిఫ్టుల చుట్టూ, మెట్ల చుట్టూ గోడలు మందం చేసి 71కి దించారు.

ఇంత చేశాక వాస్తు పంతులుగారు వచ్చారు. సంపు ఈశాన్యం, సరే. ఓవర్‌హెడ్ ట్యాంకు నైరుతి, సరే, బరువు ఆ మూల కాలమ్‌ల మీదికి తీసుకున్నాం. నడిమధ్య బ్రహ్మస్థానంలో లిఫ్టు గుంత ఉండకూడదట. లిఫ్టు గోడలే ఈ బిల్డింగుకు వెన్నెముక పంతులుగారూ, దాన్ని పక్కకు జరిపితే గాలికి బిల్డింగు మెలి తిరుగుతుంది అని చెప్పాను. ఆయన మంచివాడు. ఒక్కో ఇంటికీ దాని మధ్యే బ్రహ్మస్థానం, మొత్తం బిల్డింగుది లెక్కలోకి రాదని దారి చూపించాడు.

పెద్ద పడకగది నైరుతిలోనే ఉండాలని మాత్రం కొనేవాళ్లందరి పట్టు. కర్నూలులో ఏప్రిల్ సాయంత్రం పడమటి ఎండ తగిలే కాంక్రీటు గోడ పక్కన పడుకోవడం అంటే పెనం పక్కన పడుకోవడమే. పడమటి వైపు వీలైనచోటల్లా బాత్రూములు, బట్టలారేసే బాల్కనీలు ఇరికించి నీడ తెచ్చాం. మిగతాది వాళ్ల ఏసీల ఖర్మ.

ఏప్రిల్ 15, 16

రాఫ్టు. పొడవు 34, వెడల్పు 22, మందం ఒకటిన్నర మీటర్లు. 1,122 క్యూబిక్ మీటర్లు ఆపకుండా పోయాలి. పగలు 42 డిగ్రీలు. కడ్డీల మీద చెయ్యి పెడితే చురుక్కుమంటోంది. ఆ వేడిలో పోస్తే కాంక్రీటు పంపు దాకా రాకముందే బిగుసుకుంటుంది, కాబట్టి రాత్రే. బుర్జ్ ఖలీఫాకు కూడా ఎండాకాలంలో రాత్రిళ్లు ఐసు వేసి పోశారు. మా ఎత్తు దానికి పదమూడో వంతు, ఎండ మాత్రం తక్కువేమీ కాదు.

ఐసు దగ్గర చిక్కొచ్చింది. రంజాన్ నెల. ఊళ్లో షర్బతు బండ్లన్నిటికీ ఐసు కావాలి. ఫ్యాక్టరీవాడు వారం ముందే మాటిచ్చి, శుక్రవారం సాయంత్రం సగమే ఇస్తానన్నాడు. చివరికి మా పెద్ద బేల్దారి పోయి ఉర్దూలో ఏం మాట్లాడాడో, లారీ నిండుగా వచ్చింది.

మా బేల్దారుల్లో సగం మంది రోజాలో ఉన్నారు. ఆరున్నర దాటాక ఖర్జూరం, నీళ్లు, అరటిపండు. నమాజు అయ్యాక ఏడింటికి మొదటి బండి కాంక్రీటు పడింది. రెండు బూమ్ పంపులు, బండికి ఆరు క్యూబిక్ మీటర్లు, 187 ట్రిప్పులు. ప్రతి బండికీ గేటు దగ్గర థర్మామీటరు గుచ్చాం. 32 దాటితే వెనక్కి. రెండు వెనక్కి పోయాయి. డ్రైవర్లు తిట్టుకున్నారు.

కాంక్రీటును ఒక కొస నుంచి మెట్లు మెట్లుగా పోసుకుంటూ పోవాలి, మొదటి పొర బిగవకముందే రెండోది దాని మీద పడాలి. లేదంటే కోల్డ్ జాయింటు, రేపు నీళ్లకు అదే దారి. రెండు గంటల రాత్రి ఒక పంపు పైపు జామయింది. ఇరవై ఐదు నిమిషాలు. ఆ ఇరవై ఐదు నిమిషాల్లో నేను ఏ దేవుడికి మొక్కలేదో చెప్పడం కష్టం. రెండో పంపు బూమ్ ఇటు తిప్పి, ఆరేచోట తడి తగిలిస్తూ నెట్టుకొచ్చాం.

నాలుగింటికి సహరీ అన్నం తిని మళ్లీ వైబ్రేటరు పట్టారు మావాళ్లు. పగలు పదకొండున్నరకు చివరి బండి. అంతకుముందే ఏడింటికి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు వచ్చాయి. రోజా ఉన్నవాళ్లు మిగతావాళ్లకు వడ్డించి పక్కకు పోయారు.

ఏప్రిల్ 19

రాఫ్టు లోపల మూడు మట్టాల్లో వేడి కొలిచే థర్మోకపుల్ వైర్లు పెట్టాం. సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. ఒకటిన్నర మీటర్ల మందంలో అది బయటికి పోలేదు. నడుమ 70 దాటితే తర్వాతెప్పుడో కాంక్రీటు లోలోపల ఉబ్బి పగిలే జబ్బు రావచ్చు. నడుమకూ పైముఖానికీ 20 డిగ్రీల కన్నా తేడా ఉంటే ఇప్పుడే పగులుతుంది. వేడి తగ్గించడానికే సిమెంటులో 30 శాతం తీసేసి బూడిద కలిపాం, ముద్దనూరు దగ్గరి థర్మల్ స్టేషన్‌ది.

నిన్న నడుమ 66 చూపించింది. పైముఖం మీద థర్మోకోల్ షీట్లు పరిచి, ప్లాస్టిక్ పట్టా కప్పించాను. పెద్ద బేల్దారికి నచ్చలేదు.

"వేడెక్కినాదంటే నీళ్లు కొట్టాల గానీ దుప్పటి కప్పుతారా సార్?"

కాలిన పెనం మీద నీళ్లు చల్లితే ఏమైతుందని అడిగాను. నడుమ వేడి తగ్గించడం ఇప్పుడు మన చేతిలో లేదు, పైభాగం తొందరపడి చల్లారకుండా చూడటమే మన పని అని చెప్పాను. ఆయన నమ్మినట్టు లేదు. కానీ ఈ రోజు పొద్దున నేను వచ్చేసరికి, రాత్రి గాలికి లేచిన షీటు మీద తన తువ్వాలు చుట్టి ఇటుక పెట్టి ఉంది.

తేడా 17 దాటలేదు.

సెప్టెంబర్ 26

మొదటి ఇళ్ల అంతస్తు. అల్యూమినియం షట్టరింగ్, సైటు భాషలో మివాన్. గోడలు, స్లాబు ఒకేసారి పోస్తారు, ఇటుక అనేదే ఉండదు. ఫోర్‌మన్ రాయచోటి అన్న. ఇరవై ఏళ్లు కువైట్‌లో ఇదే పని చేసి వచ్చాడు. ఆయన కింద షట్టరింగ్ పిల్లలందరూ బీహార్ వాళ్లు. మా పడమటి మండలాల జనం పని కోసం మిరప కోతకు గుంటూరు బస్సెక్కుతారు, మా పనికి పట్నా నుంచి రైలెక్కి వస్తారు. దీనికి జవాబు నా దగ్గర లేదు.

మొదటి స్లాబుకు 22 రోజులు పట్టింది. ఒక్కో పలకకు ఒక నంబరు, ఒక చోటు. పిన్ను పెట్టి చీల కొట్టేటప్పుడు ఠంగుమని మోగాలి, టప్పుమంటే సరిగ్గా కూర్చోలేదని అర్థం. అన్న కుర్చీలో కూర్చుని వింటాడు. "మూడో గదిలో, కిటికీ పక్క" అని చూడకుండానే చెబుతాడు.

డిసెంబర్ 8

ఏడో అంతస్తు. ఇప్పుడు పది రోజులకొక స్లాబు. రాయడానికేమీ లేదు, బాగున్నప్పుడు డైరీ చిక్కిపోతుంది. ఒక్కటి: నాలుగో అంతస్తులో గీజరు పాయింటుకు పైపు పెట్టడం మరిచారు. ఇటుక గోడైతే గంటలో చెక్కుకునేవాళ్లు. ఇది కాంక్రీటు, చెక్కితే కడ్డీ తెగుతుంది. వైరు గోడ బయటనుంచే పోతుంది, కొన్నాయనకు ముందే చెప్పేశాం.

2024 మార్చి 27

పద్నాలుగో అంతస్తు కాంక్రీటుతో పోసిన పరీక్ష క్యూబులు ఏడు రోజులకు 21 మెగాపాస్కల్ బలమే చూపించాయి. మాది ఎం 40, అంటే 28 రోజులకు 40 రావాల్సిన కాంక్రీటు, ఏడు రోజులకు కనీసం 26, 27 రావాలి. మూడు క్యూబులూ అంతే, కాబట్టి క్యూబు తప్పు కాదు.

రిజిస్టరు తిప్పితే సంగతి తేలింది. ఆ రోజు మూడు బండ్లు రింగ్‌రోడ్డు మీద గంటన్నర నిలబడ్డాయి. కాంక్రీటు గట్టిపడి పంపు తోయడం లేదని, నేను భోజనానికి పోయిన అరగంటలో డ్రమ్ములోకి పైపు పెట్టి నీళ్లు వదిలారు. వంద లీటర్ల పైనే. కాంక్రీటు సరఫరా చేసేవాళ్లు మా డ్రైవరు కాదంటారు, పంపువాళ్లు మేము అడగలేదంటారు. నా తప్పు ఒకటుంది, అది నాకు తెలుసు: భోజనానికి పోయేటప్పుడు ఆ పైపు వాల్వు తాళం నా జేబులో ఉండాల్సింది.

పైకి పోకుండా పని ఆపాం.

ఏప్రిల్ 18

28 రోజులు నిండాక గోడల్లోంచి మూడు కోర్లు తీయించాం. డైమండ్ బిట్టు తిరుగుతూ, నీళ్లు కారుతూ, గోడలోంచి నున్నటి కాంక్రీటు చెరకు గడ ముక్కలాగా బయటికి వచ్చింది. కోడ్ ప్రకారం మూడింటి సగటు గ్రేడులో 85 శాతం ఉండాలి, ఏ ఒక్కటీ 75 శాతం కిందికి పోకూడదు. మాకు 34, 30. వచ్చినవి 35.1, 36.8, 34.6.

పాసే. డిజైనర్ ఆ గోడల లెక్క 34తో మళ్లీ వేసి చూసి సరిపోతుందన్నాడు, దాని మీద ఇంకా నాలుగు అంతస్తులే కాబట్టి బరువు తక్కువ. అదే మూడో అంతస్తులో జరిగి ఉంటే ఈ పేజీ ఇలా ఉండేది కాదు. బొక్కలు ఆరినా కుంచించుకుపోని సిమెంటు గ్రౌటుతో పూడ్చాం. ఒక కోరు ముక్క నా బల్ల మీద కాగితాల బరువుగా ఉంది.

జూన్ 3

ఆఖరి స్లాబు నిన్న పడింది. మే 13 ఓట్లకు ఊళ్లకు పోయిన మన మనుషులు తిరిగి రావడానికి వారం పట్టింది, లేకపోతే మే నెలలోనే అయ్యేది. గుమ్మడికాయ కొట్టాం. అవ్వను హాయిస్టులో ఎక్కించి పైకి తెచ్చాం. కళ్లు మూసుకుని వచ్చింది. పైన తెరిచి, బురుజు కోసం కాదు, తుంగభద్ర కోసం కాదు, తన మిద్దె కోసం వెతికింది. దొరికాక, "మిద్దె మీద వడియాలు ఎత్తలేదు ఎవురూ" అని కిందికి తీసుకుపొమ్మంది.

జూలై 22

స్టిల్టులో గేటు పక్క కాలమ్ మీద 2.7 మీటర్ల గీత వేసి ఉంచాం, నీలం రంగులోనే. ఈ రోజు చూస్తే లేదు. అమ్మకాల వాళ్లు పెయింటర్‌తో కొట్టించేశారు. కొనడానికి వచ్చినవాళ్లు అదేమిటని అడుగుతున్నారట. అడగనీయండి, చెప్పండి, ప్యానెళ్లు అందుకే పైన పెట్టాం అనండి అన్నాను. సెల్లార్ లేకపోవడం మన బలం అని బ్రోచర్‌లో వేసుకోవచ్చు కదా. వినలేదు.

ఆగస్టు 11

రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు ఎత్తుతున్నారు. నదీతీరం వాళ్లు జాగ్రత్తగా ఉండాలని పొద్దున్నుంచి మైకులో చెబుతున్నారు. 2009 అంత నీళ్లు కావని లెక్క తెలిసినవాళ్లకు తెలుసు. ఊరికి మాత్రం ఆ తేదీ తప్ప వేరే లెక్క లేదు. ఇంటి కోసం డబ్బు కట్టినవాళ్ల ఫోన్లు పొద్దున ఆరు నుంచి మోగుతూనే ఉన్నాయి, అందరిదీ ఒకే ప్రశ్న.

తొమ్మిదింటికి అమ్మకాల మేనేజరే నా దగ్గరికి వచ్చాడు. "సార్, ఆ గీత ఎక్కడుండేది?"

టేపు పట్టి కొలవబోయాను. పెద్ద బేల్దారి ఆపాడు. స్టిల్టులో గరుసు నింపి టైల్స్ వేశాక నేల లేచింది, అప్పటి కరెంటు స్తంభమేమో రోడ్డు వెడల్పులో పోయింది, ఇప్పుడు దేని నుంచి కొలుస్తారు అన్నాడు. స్టోరు రూములోకి పోయి దుమ్ము పట్టిన లెవెల్ పైపు దులుపుకుంటూ వచ్చాడు. ఒక పిల్లోడు దాని కొస పట్టుకుని సందు మలుపు తిరిగి పరుగెత్తాడు. ఇటు కొస కాలమ్‌కు ఆనించి, పెన్సిలు చేతిలో పట్టుకుని నేను ముక్కాలిపీట ఎక్కాను.

"గీత కాడికి వచ్చినాయా?" అని అరిచాడు బేల్దారి.

సందు అవతల నుంచి అవ్వ గొంతు వచ్చింది. "నీల్లు ఊగుతాండాయి, రోంతసేపు నిలబడనీండి."